కొమ్మ మీది పూదోట

సోలాపూరు నగరం పూర్వభాగంలోని నేతపేటల్లో నడుస్తుంటే సాంచాల చప్పుడు చెవిన పడుతూనే ఉంటుంది. ఆ సాంచాల మీద తయారయ్యే చద్దరు దేశమంతటా పేరు పొందింది. ఆ చద్దరును ఒకసారి చేతిలోకి తీసుకొని పరిశీలించండి. దాని మీద ఒక పువ్వు ఉందనుకోండి. అది అద్దిన పువ్వు కాదు. సూదితో కుట్టిన పువ్వు కూడా కాదు. చద్దరును తిప్పి చూస్తే వెనుకవైపు కూడా అదే పువ్వు, రంగులు మాత్రం తారుమారై, కనిపిస్తుంది. జకార్డు అట్టల్లోని రంధ్రాలను బట్టి కొన్ని పడుగు పోగులు పైకి లేస్తాయి, కొన్ని కింద ఉండిపోతాయి. వాటి నడుమ పేక సాగుతుంది. అలా పోగూ పోగూ కలిస్తేనే పువ్వు ఏర్పడుతుంది. చద్దరు చిరగకుండా పువ్వును మాత్రం ఊడదీయడం ఎవరి తరమూ కాదు.

అడవిలోనూ అటువంటి పువ్వు ఒకటి ఉంది. దాని పేరు ఆర్కిడ్. కొండ ప్రాంతాలకు విహారయాత్రకు వెళ్లినవారిలో కొందరు చెట్టు కొమ్మ మీద పూసిన ఈ మొక్కను చూసి ముచ్చటపడి, పెరికి ఇంటికి తెస్తారు. మంచి మట్టి నింపిన కుండీలో నాటుతారు. రోజూ నీరు పోస్తారు. అయినా కొద్ది రోజులకే వేళ్లు కుళ్లి మొక్క చచ్చిపోతుంది. మట్టి ఉంది, నీరు ఉంది, పెంచాలన్న ప్రేమా ఉంది. మరి ఎందుకు బతకలేదు? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందు ఆ మొక్క పుట్టిల్లు చూడాలి.

సోలాపూరు నుంచి సూటిగా పడమటి దిక్కుకు సుమారు 200 కిలోమీటర్లు వెళితే సాతారా వస్తుంది. దానిని ఆనుకొని సహ్యాద్రి కొండలు ఉన్నాయి. వీటినే పడమటి కనుమలని కూడా అంటాము. వానకాలంలో అరేబియా సముద్రం నుంచి వచ్చే మేఘాలు ఈ కొండలకు తగిలి అక్కడే కుండపోతగా కురుస్తాయి. మహాబలేశ్వరంలో ఏడాదికి 5 వేల మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది. సోలాపూరులో ఏడాది పొడవునా కురిసే వానకు అది అయిదారు రెట్ల కంటె ఎక్కువ. కొండలు దాటి మన వైపు వచ్చేసరికి మేఘాల్లో మిగిలే నీరు తక్కువ. అందుకే మన ప్రాంతాన్ని వర్షచ్ఛాయా ప్రాంతమంటారు. ఇక్కడ గడ్డిమైదానాలు, ముళ్లపొదలు ఎక్కువ. అక్కడ దట్టమైన సతత హరితారణ్యాలు, నెలల తరబడి వీడని మంచు, నాచు పట్టిన చెట్ల మొదళ్లు కనిపిస్తాయి. ఆ తడి కొండలే ఆర్కిడ్ల నివాసం.

పూల మొక్కలలో అతి పెద్ద కుటుంబాలు రెండు. ఒకటి చేమంతి కుటుంబం, రెండవది ఆర్కిడ్ కుటుంబం. ప్రపంచంలో సుమారు 28 వేల రకాల ఆర్కిడ్లు ఉన్నాయి. భూమి మీద ఉన్న పక్షి జాతులన్నింటినీ లెక్కపెట్టినా ఇందులో సగం కూడా ఉండవు. మన దేశంలో ఉన్నవి సుమారు 1,250 జాతులని భారత వృక్షశాస్త్ర సర్వే సంస్థ 2019లో ప్రకటించింది. ఒక్క అరుణాచల్ ప్రదేశ్‌లోనే 600కు పైగా జాతులున్నాయి. మన దేశంలో తప్ప మరెక్కడా పెరగని ఆర్కిడ్లు 388. వాటిలో ఇంచుమించు మూడో వంతు పడమటి కనుమల్లో ఉన్నాయి. అంటే ఈ కొండల మీద అవి అంతరిస్తే ప్రపంచంలో మరెక్కడా వెతికినా దొరకవు.

ఆర్కిడ్లలో కొన్ని నేల మీద మొలుస్తాయి. అయితే ఎక్కువ జాతులు చెట్ల కొమ్మల మీద, బెరడు మీద, ఒక్కొక్కప్పుడు రాళ్ల మీద పెరుగుతాయి. ఇలా చెట్టును ఆధారం చేసుకొని బతికే మొక్కలను వృక్షోపజీవులు అంటారు. వీటి విషయంలో చాలామంది ఒక పొరపాటు పడుతుంటారు. చెట్టు మీద మొలిచింది కాబట్టి ఇది చెట్టు రసాన్ని పీల్చి బతుకుతుందని అనుకుంటారు. మామిడి చెట్లకు పట్టే బదనికను మన రైతులు ఎరుగుదురు. బదనిక తన వేళ్లను కొమ్మలోకి చొప్పించి నీరు, లవణాలు లాగుకుంటుంది. అది పరాన్నజీవి. ఆర్కిడ్ అలా చేయదు. దాని వేళ్లు బెరడును పట్టుకొని ఉంటాయే కాని లోపలికి చొరబడవు. అది చెట్టును అడిగేది నిలబడడానికి చోటు మాత్రమే. తన ఆహారాన్ని తన ఆకుల్లో తానే తయారుచేసుకుంటుంది.

తెలుగు నేల మీది ఆర్కిడ్లకు శాస్త్ర చరిత్రలో ఒక స్థానం ఉంది. రెండు వందల ఏళ్లకు పూర్వం విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో నివసించాడు. ఆయనకు మొక్కలంటే ఎంతో ఆసక్తి. కోరమాండల్ తీరంలోని మొక్కలను సేకరించి, భారతీయ చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలతో కూడిన గ్రంథం తొలి సంపుటం 1795లో లండన్‌లో వెలువడింది. అందులో వర్ణించిన ఆర్కిడ్లలో ఒకటి నేడు శాస్త్రజ్ఞులు ‘వందా టెసెల్లాటా’ అని పిలిచే మొక్క. మైదానాల్లో మామిడి వంటి చెట్ల కొమ్మల మీద ఇది కనిపిస్తుంది. ఈ పేరులోని ‘వందా’ అనే మాట గ్రీకు భాషదీ కాదు, లాటిన్ భాషదీ కాదు. చెట్టు మీద పెరిగే మొక్కకు సంస్కృతంలో ఉన్న పేరే అది. ఇప్పుడు ప్రపంచమంతటా ఉద్యానకారులు ఆ పేరునే వాడుతున్నారు.

మట్టితో సంబంధం లేని మొక్కకు నీరెలా అందుతుంది? సోలాపూరు టువాలును చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. టువాలు మీది పోగుల ఉంగరాలు నీటిని చప్పున పీల్చుకుంటాయి. ఆర్కిడ్ వేరు చుట్టూ కూడా అటువంటి మెత్తని పొర ఒకటి ఉంటుంది. దానిని ‘వెలామెన్’ అంటారు. ఇందులోని కణాలు ఖాళీగా ఉండి, పొడిగా ఉన్నప్పుడు గాలితో నిండి తెల్లగా కనిపిస్తాయి. వాన చినుకు తాకినా, బెరడు మీదుగా నీరు జారినా ఆ పొర తడిని వెంటనే పట్టి లోపలికి పంపుతుంది. తడిసిన వేరు పచ్చగా మారుతుంది. తరువాత గాలికి మళ్లీ ఆరిపోతుంది. ఇలా తడవడం, ఆరడం దానికి రెండూ అవసరమే. చాలా జాతులకు కాండం ఉబ్బి చిన్న ఉల్లిగడ్డలా ఉంటుంది. ఎండకాలానికి కావలసిన నీటిని మొక్క అందులో దాచుకుంటుంది. కుండీలో నాటిన మొక్క వేళ్లు ఎందుకు కుళ్లాయో ఇప్పుడు ఊహించవచ్చు. గాలి తగలవలసిన వేళ్లను మనం తడిమట్టిలో పూడ్చిపెట్టాము.

సహ్యాద్రిలో పూసే వృక్షోపజీవి ఆర్కిడ్లలో ఎంతో అందమైనది నక్కతోక ఆర్కిడ్. ఎండకాలం చివర, వానలు మొదలయ్యే రోజుల్లో కొమ్మ నుంచి కిందికి వేలాడే పొడవైన గుత్తి పూస్తుంది. తెల్లని చిన్న పూల మీద గులాబీ రంగు చుక్కలుంటాయి. చూడడానికి పూలు తురిమిన జడలా ఉంటుంది. అందుకే మహారాష్ట్రలో దీనిని ‘సీతేచీ వేణీ’, అంటే సీత జడ, అని పిలుస్తారు. అస్సాంలో బిహు పండుగనాడు ఆడపిల్లలు ఈ పూలగుత్తిని కొప్పులో తురుముకొని నాట్యం చేస్తారు. అది ఆ రాష్ట్ర పుష్పం కూడా.

నేల మీద మొలిచే ఆర్కిడ్లను చూడాలంటే సాతారా దగ్గరి కాస్ పీఠభూమికి వెళ్లాలి. సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ మైదానంలో మట్టి చాలా పలుచన. దాని కింద ఉన్నది మరాఠీలో జాంభా అని పిలిచే ఎర్రరాయి. ఎండకాలంలో అక్కడ ఎండిన గడ్డి తప్ప మరేమీ కనిపించదు. వానలు పడిన కొద్ది వారాలకు నేలంతా పూలమయం అవుతుంది. ఆ పూల నడుమ ‘హాబెనేరియా’ ప్రజాతికి చెందిన తెల్లని ఆర్కిడ్లు తలెత్తుతాయి. వాటిలో ఒక దానికి పూలన్నీ కాడకు ఒకే వైపున వరుసగా పూస్తాయి. పళ్లు తోముకునే బ్రష్షులా ఉంటుంది కాబట్టి దానిని టూత్‌బ్రష్ ఆర్కిడ్ అంటారు. వానలు వెనుకపట్టగానే మొక్క పైభాగం ఎండిపోతుంది. కాని నేలలోని దుంప సజీవంగా ఉండి మరుసటి వానకాలం కోసం ఎదురుచూస్తుంది. పడమటి కనుమలను 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు అందులో కాస్ కూడా చేరింది. ఆ తరువాత వచ్చేవారి రద్దీ పెరిగి పూలు కాళ్ల కింద నలిగిపోసాగాయి. చివరకు సందర్శకుల సంఖ్యకు పరిమితి పెట్టవలసి వచ్చింది.

ఇక పువ్వు నిర్మాణం చూద్దాం. ఆర్కిడ్ పువ్వుకు వెలుపల మూడు, లోపల మూడు రేకులుంటాయి. లోపలి మూడింటిలో ఒకటి మిగతావాటికి భిన్నంగా ఉంటుంది. దానిని పెదవి అంటారు. కీటకం వచ్చి వాలే అరుగు అదే. ఈ పువ్వులో పుప్పొడి పొడిపొడిగా రాలదు. చిన్న ముద్దగా ఉంటుంది. పువ్వులోకి తల దూర్చిన కీటకానికి ఆ ముద్ద అంటుకుంటుంది. కీటకం దానిని మోసుకొని అదే జాతికి చెందిన మరో పువ్వు మీద వాలితేనే కాయ కాస్తుంది. కీటకాలను రప్పించడానికి ఒక్కొక్క ఆర్కిడ్ ఒక్కొక్క ఉపాయం పన్నుతుంది. కొన్ని తేనె ఇస్తాయి. కొన్ని కుళ్లిన మాంసపు వాసనతో ఈగలను పిలుస్తాయి. ఐరోపాలోని కొన్ని జాతుల పూలు ఆడ తేనెటీగను పోలి ఉండి మగ ఈగలను మోసగిస్తాయి.

ఒక పువ్వుకూ ఒక కీటకానికీ గల సంబంధం ఎంత గట్టిదో తెలిపే సంఘటన ఒకటి ఉంది. మడగాస్కర్ దీవిలో పూసే ఒక తెల్లని ఆర్కిడ్‌ను 1862లో చార్లెస్ డార్విన్ పరిశీలించాడు. దాని తేనె సుమారు 30 సెంటీమీటర్ల పొడవైన సన్నని గొట్టం అడుగున ఉంది. అంత పొడవైన నాలుక గల శలభం ఆ దీవిలో తప్పక ఉండాలని ఆయన రాశాడు. కొందరు నవ్వారు. డార్విన్ మరణించిన ఇరవై యేళ్ల తరువాత, 1903లో, అటువంటి శలభాన్ని శాస్త్రజ్ఞులు వర్ణించి పేరు పెట్టారు.

కీటకం లేకపోతే ఏమవుతుందో వెనిలా కథ చెబుతుంది. ఐస్‌క్రీముకు పరిమళం ఇచ్చే వెనిలా కూడా ఒక ఆర్కిడ్ కాయే. ఆ తీగ జన్మస్థలం మెక్సికో. ఐరోపావారు దానిని వేరే దేశాలకు తీసుకుపోయి నాటారు. తీగ ఏపుగా పెరిగింది, పూలు పూసింది, కాని కాయలు కాయలేదు. మెక్సికోలో ఆ పూల మీద వాలే తేనెటీగలు కొత్త చోట లేకపోవడమే కారణం. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బాలుడు సన్నని పుల్లతో పువ్వులోని పొరను ఎత్తి, పుప్పొడిని చేతితో తాకించే సులభమైన పద్ధతి కనిపెట్టాడు. అతడు బానిసగా పుట్టినవాడు. చదువుకునే అవకాశం దక్కనివాడు. నేటికీ వెనిలా తోటల్లో ఆ బాలుడు చూపిన విధంగానే పని జరుగుతున్నది.

కాయ కాసినంత మాత్రాన ఆర్కిడ్ కష్టాలు తీరవు. దాని విత్తనాలు ధూళి రేణువులంత చిన్నవి. ఒక్క కాయలో వేలు, కొన్ని జాతుల్లో లక్షలు ఉంటాయి. గాలి వాటిని చాలా దూరం మోసుకుపోతుంది. వరి గింజలో మొలకకు కావలసిన ఆహారం ఉంటుంది. ఆర్కిడ్ విత్తనంలో అటువంటి నిల్వ లేదు. మరి అది ఎలా మొలుస్తుంది? 1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ రహస్యాన్ని కనుగొన్నాడు. బెరడు మీద, నేలలో కంటికి కనబడని శిలీంధ్రాలు ఉంటాయి. అవి బూజు వంటివి. తగిన శిలీంధ్రం విత్తనంలోకి ప్రవేశించి దానికి ఆహారం అందిస్తేనే విత్తనం మొలకెత్తుతుంది. లక్షల విత్తనాలలో తగిన బెరడు, తగిన తడి, తగిన శిలీంధ్రం దొరికేవి కొన్నే. మొలిచిన మొక్క పూత పట్టడానికి కూడా చాలా జాతుల్లో ఏళ్లు పడుతుంది. కనుక కొమ్మ మీద పూసిన ఆర్కిడ్‌ను పెరకడానికి ఒక్క నిమిషం చాలు. దాని స్థానంలో మరొకటి పూయడానికి ఎన్నో ఏళ్లు కావాలి.

ఉష్ణమండలపు కొండ అడవుల్లోనే ఇన్ని రకాల ఆర్కిడ్లు ఎందుకున్నాయో ఇప్పుడు ఆలోచిద్దాం. కొండ ఎక్కే కొద్దీ చలి, గాలి, మంచు మారుతూ ఉంటాయి. లోయలో బతికే మొక్క శిఖరం మీద బతకదు. ఒకే చెట్టు మీద కూడా అడుగున చీకటి, తేమ ఎక్కువ. పైకొమ్మల్లో ఎండ, గాలి ఎక్కువ. ఒక్కొక్క అంతస్తులో ఒక్కొక్క జాతి కాపురం పెడుతుంది. ఒక్కొక్క దానికి ఒక్కొక్క కీటకం, ఒక్కొక్క శిలీంధ్రం తోడు. ఈ విధంగా ఒక్క కొండ మీదనే వందల రకాలకు చోటు దొరుకుతుంది. బోర్నియో దీవిలోని కినబాలు పర్వతం మీద 700కు పైగా ఆర్కిడ్ జాతులు ఉన్నాయి. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాలున్న కొలంబియా, ఈక్వెడార్ దేశాల్లో ఒక్కొక్క చోట దాదాపు 4 వేల జాతులు ఉన్నాయి.

ఈ సంపదకు మనుషుల వల్ల కలిగిన నష్టం కొత్తది కాదు. 1850లో జోసెఫ్ హుకర్ అనే ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు ఖాసీ కొండల్లో నీలి వందా పూలను చూశాడు. లండన్ దగ్గరి క్యూ ఉద్యానవనం కోసం ఏడుగురు మనుషులు మోసేటన్ని మొక్కలు సేకరించాడు. వాటిలో ఇంగ్లండుకు ప్రాణంతో చేరినవి కొద్ది మాత్రమేనని ఆయనే తన గ్రంథంలో రాశాడు. మరొకరు పంపిన ఒక మనిషి మోత మొక్కలు మాత్రం వాడిపోయిన స్థితిలో చేరినా 300 పౌండ్లకు అమ్ముడయ్యాయట. మొక్కలంటే ప్రేమ గలవాడే అన్ని మొక్కలు పోగొట్టుకుంటే, లాభం కోసం వచ్చినవారి సంగతి చెప్పనక్కరలేదు. అటుపిమ్మట వ్యాపారులు ఆ కొండలను వెతికి వెతికి మొక్కలను తరలించారు. 1991లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి నీలి వందా, ఎర్ర వందా, మరికొన్ని అరుదైన మొక్కలకు రక్షణ కల్పించారు. అడవి ఆర్కిడ్లను దేశాలు దాటించి అమ్మడం మీద అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అదుపు ఉంది.

ఆర్కిడ్లను ఇష్టపడడం తప్పు కాదు. పెళ్లి మంటపాల్లో అలంకరించే ఊదా, తెలుపు ఆర్కిడ్లు తోటల్లో పెంచినవి. 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్సన్ చక్కెర, లవణాలు కలిపిన అగర్ మీద, శిలీంధ్రం లేకుండానే, గాజు గొట్టంలో ఆర్కిడ్ విత్తనాలను మొలిపించాడు. ఆ మార్గం వల్లనే నేడు లక్షల మొక్కలు ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. సిక్కింలోని పాక్యాంగ్‌లో 1996 నుంచి ఆర్కిడ్ల జాతీయ పరిశోధన కేంద్రం పనిచేస్తున్నది. పెంచుకోవాలనుకుంటే ఇలా పెంచిన మొక్కను కొనుక్కోవచ్చు. అడవి మొక్కను అడవిలోనే చూసి ఆనందించాలి.

సోలాపూరులో ఉన్న మనకు ఎక్కడో కొండల మీది పూలతో ఏమి పని అని అనిపించవచ్చు. భీమా నది సహ్యాద్రిలోని భీమాశంకరం అడవుల్లో పుడుతుంది. ఆ నది మీద కట్టిన ఉజని జలాశయం నుంచే సోలాపూరుకు తాగునీరు వస్తున్నది. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణలో భీమా కలిసి, మన పెద్దలు విడిచివచ్చిన తెలంగాణ నేల మీదుగా, ఆంధ్ర తీరం దాకా సాగుతుంది. ఆ కొండల మీద కురిసిన వానను ఒక్కసారిగా జారిపోకుండా పట్టి ఉంచేది ఆ అడవి. నాచు పట్టిన కొమ్మ మీద ఆర్కిడ్ పూసిందంటే, అక్కడ పాత చెట్లు నిలిచి ఉన్నాయని, తేమ ఉందని, కీటకాలు తిరుగుతున్నాయని అర్థం. ఆ పువ్వు అడవి ఆరోగ్యానికి గుర్తు.

కుండీలో నాటిన మొక్క ఎందుకు చచ్చిపోయిందో ఇప్పుడు తెలిసింది కదా! మనం తెచ్చింది మొక్కను మాత్రమే. చెట్టు బెరడును, కొండగాలిని, మంచును, కీటకాన్ని, శిలీంధ్రాన్ని తేలేదు. అవన్నీ పడుగూ పేకలుగా కలిస్తేనే ఆ పువ్వు పూస్తుంది. నేతపని తెలిసిన ఇంటి పిల్లలకు ఈ మాట వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. బట్టలో ఒక పోగు తెగితే సాంచాను ఆపి, తెగిన పోగును ముడివేసి, ఆ తరువాతనే మళ్లీ నడిపిస్తారు. అడవిలో తెగిన పోగును ముడివేయడం మన చేతిలో లేదు. తెగకుండా చూడడం మాత్రం మన చేతిలోనే ఉంది.